అద్దెకియ్యని గది

గత మాసమున ఊరుగాయలను గుఱించి ముచ్చటించి, ఈ మాసమున వానకాలమునకు తగిన పథ్యములను గుఱించి వ్రాయుదునని మాట యిచ్చి యుంటిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. నడుమ పది దినములు మేము దక్షిణదేశయాత్ర చేసి వచ్చితిమి. ఆ యాత్రలో తంజావూరునందు మూడు రాత్రులు ఒక పాతయింట అతిథులమై యుంటిమి. ఆ యింటి సంగతి చెప్పనిదే వేఱొక సంగతి వ్రాయుటకు నా కలము సాగుట లేదు.

మాది గంగారము. అడవుల నడుమనున్న ఊరు. బడిపంతులుగారి యిల్లనగా ఇట్టి ఊళ్ళలో సగము సత్రమే. బడి చూడ వచ్చిన అధికారి, పిల్లల చదువు సంగతి అడుగవచ్చిన తండ్రి, చివరి బస్సు తప్పిపోయిన బాటసారి, అందఱికిని మా గుమ్మమే గుఱుతు. కాపురమునకు వచ్చి పదునైదేండ్లయినది. ఈ పదునైదేండ్లలో ఎందఱికి వడ్డించితినో లెక్కలేదు గాని, ఒకరి యింట మూడు దినములు వరుసగా కూర్చుండి, ఒకరు వండినది తిని యెఱుగను. పుట్టింటికి పోయినను తిన్నగా వంటయింటిలోనికే గదా మన నడక! కావున అతిథియై యుండుట యెట్లో నాకు తెలియదని ఈ ప్రయాణములోనే తెలిసినది.

మా మామగారు పోయిననాటినుండియు అత్తగారికి రామేశ్వరము చూడవలెనని కోరిక. వేసవి సెలవులలో మావారు ఆ కోరిక తీర్ప నిశ్చయించిరి. దారిలో తంజావూరున దిగుదమన్న కోరిక మాత్రము నాది. చిన్ననాడు మా నాయనగారు నాకు విజయవిలాసమును పాఠము చెప్పుచు, ఇది తంజావూరేలిన రఘునాథనాయకునకు అంకితమైన కావ్యమని చెప్పెడివారు. 1532 మొదలు 1673 వఱకు ఆ పట్టణము నేలిన నాయకరాజులు తెలుగువారు. రఘునాథుని సభయందలి రామభద్రాంబ ఆయన చరితమును సంస్కృతమున కావ్యముగా వ్రాసినది. ఆయన కుమారుడగు విజయరాఘవుని సభయందలి రంగాజమ్మ తెలుగున మన్నారుదాసవిలాసమును రచించినది. ఆడువారు సభలో కూర్చుండి కవిత్వము చెప్పిన ఆ యూరిని ఒకమాఱు కన్నులార చూడవలెనని నా చిరకాల వాంఛ.

అయితే బస యెక్కడ? మావారి స్నేహితుడొకరు, పెద్ద హోటళ్ళు వలదనియు, కోవెలకు దాపున పాతకాలపు యిల్లొకటి కలదనియు, ఆ యింటివారు నాలుగైదు గదులను యాత్రికులకు అద్దెకిత్తురనియు చెప్పిరి. ఫోనుచేసి ఒక గది కుదుర్చుకొంటిమి. ఈ మాట వినినంతనే మా అత్తగారి ముఖము చిన్నబోయినది. "పూటకూళ్ళయింట దిగుటయా, అమ్మాయీ!" అనిరి.

ఆ మాటలోని జంకు మనలో పలువురకు కలదు. పూటకూళ్ళమ్మ యనగానే కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మ తలపునకు వచ్చును. దిక్కులేక వండి పెట్టి బ్రతుకు స్త్రీని లోకము చులకనగా చూచినది. ఆమె యింటినిగూడ అట్లే చూచినది. కాని మహబూబాబాదున రైలెక్కిన పిదప నేను అత్తగారికి వేఱొక పూటకూళ్ళయింటి కథ చెప్పితిని. అది మన ఓరుగంటిదే. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఇద్దఱు మిత్రులు ఓరుగల్లు వీథులన్నియు తిరిగి చూతురు. అందులో లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొఱకు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించినాడు. కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పప్పు, నేయి, చక్కెర, అరటిపండ్లు, నాలుగైదు కూరలు, పెరుగు! ఆఱువందల యేండ్ల క్రిందటి తెలుగు పట్టణమున, డబ్బు పుచ్చుకొనియే అయినను, అంత మర్యాదగా అన్నము పెట్టిన యిల్లుండెను. "మన ఓరుగంటిలోనా?" అని అత్తగారు రెండుమాఱులు అడిగిరి. ఆ పిమ్మట పూటకూళ్ళ మాట యెత్తలేదు.

చెన్నపట్టణమున ఎగ్మూరు స్టేషనులో మఱల రైలెక్కి, చిదంబరము, కుంభకోణముల మీదుగా తెల్లవాఱునప్పటికి తంజావూరు చేరితిమి.

మేము దిగిన యిల్లు నూఱేండ్లు దాటినది. వీథివైపున రెండు ప్రక్కల అరుగులు. ఆ అరుగుల స్తంభములకు చేతులు తగిలి తగిలి నునుపుదేఱినవి. లోనికి పోగానే మన మండువా యిండ్లవలెనే నడుమ ఆకాశము కనబడు చావడి. వాన కురిసిన నీరు ఆ నడుమనే పడి తూముగుండ పోవును. చుట్టును ఎఱ్ఱని గచ్చు నేల, టేకు స్తంభములు, గొలుసులతో వ్రేలాడు ఊయలబల్ల. వెనుకవైపు బావి, దానిప్రక్క ఒక నిమ్మచెట్టు. గదులలో పంకా, విద్యుద్దీపము, లోపలనే స్నానపుగది అమర్చిరి గాని, పాత తలుపులను, పాత గడియలను మార్చలేదు. అద్దె మా శక్తికి మించినది కాదు.

ఇంటి యజమానురాలు అఱువదియేండ్లావిడ. భర్త గతించెను. కుమారుడు వేఱొక ఊర నుద్యోగము చేయుచున్నాడు. ఇంతయింటిని మూసిపెట్టుటకు మనసొప్పక, ఊడ్చువారు మిగిలిన గదులను యాత్రికులకు తెఱచినదట. మమ్ము చూచి, "రండి, రండి, కాళ్ళు కడుగుకోండి" అని తెలుగున పిలిచినది! ఆమె పూర్వులు నాయకరాజుల కాలమున వచ్చిన తెలుగువారు. ఇంటిలో మాటలాడు తెలుగే గాని వ్రాత రాదు. ఆ సీమలో ఇట్టి కుటుంబములు పెక్కు కలవు. చేరువనున్న మెలట్టూరునందు నేటికిని ఏటేట నృసింహజయంతికి తెలుగు భాగవతమేళ నాటకములు ఆడుదురు. ఆమె తెలుగున తమిళపు యాస కలదు. అయినను, నాలుగువందల యేండ్లు పరదేశమున బ్రతికి వచ్చిన మాటను విన్నప్పుడు, పెండ్లియై దూరమేగిన అప్పచెల్లెలి గొంతు విన్నట్లయినది.

మొదటిదినమున నా అవస్థ చెప్పిన నవ్వుదురు. ఆవిడ ఇడ్డెనలు పెట్టుచుండ నేను లేచి పళ్ళెములు అందుకొనబోతిని. తిన్న ఆకు తీయబోతిని. మధ్యాహ్నము ఆవిడ కూర తఱుగుచుండ కత్తిపీటకై చేయి చాచితిని. ఆవిడ కత్తిపీటను ప్రక్కకు జరిపి, "మీ ఊరిలో మీ యింటికి వచ్చినవాళ్ళు ఇట్లా లేస్తే మీరు ఊరుకుంటారా?" అని అడిగినది. ఊరుకొననని తెలిసి కూర్చుంటిని. కాని కూర్చుండుట నేర్చుకొనుటకు నాకు ఒక దినము పూర్తిగా పట్టినది. పెట్టుటలో మనకొక గర్వమున్నది, సోదరీమణులారా! పుచ్చుకొనుటకు ఆ గర్వమును గుమ్మము వెలుపల చెప్పులతోబాటు విడువవలసి వచ్చును.

ఆనాడు సరస్వతీమహలు చూచితిమి. నాయకరాజులనాడు మొలకెత్తి, మహారాష్ట్ర ప్రభువగు రెండవ శరభోజి కాలమున మహావృక్షమైన గ్రంథాలయమది. అందలి తాటాకులపై తెలుగక్షరములను చూచినప్పుడు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. సాయంకాలమున పెద్దకోవెల. 1010 లో రాజరాజచోళుడు పూర్తిచేయించిన ఆ విమానము రెండువందల అడుగులకు పైబడిన యెత్తు. వైశాఖపు టెండకు కాగిన రాతినేలపై అత్తగారు పట్టుదలతో ప్రదక్షిణము చేసిరి. వలదన్నను వినలేదు. త్రోవలో నీళ్ళును సరిగా త్రాగలేదు.

ఆ రాత్రి పండ్రెండు దాటిన పిమ్మట అత్తగారికి వాంతులు పట్టుకొన్నవి. నాలుగైదుమాఱులు వెడలుసరికి మనిషి వాలిపోయిరి. పెదవులు ఎండినవి, చేతులు చల్లబడినవి. మావారు పరాయి ఊర అర్ధరాత్రమున ఎవరిని లేపుదుమని నిలువబడిపోయిరి. నాకును కాళ్ళాడలేదు. అప్పుడు ఆవిడ పగలు చెప్పిన మాటయొకటి జ్ఞప్తికి వచ్చినది: "పెద్దమ్మగారికి ఏమి కావలసినా తలుపు తట్టండి. ఎన్నిగంటలైనా సరే." మర్యాదకు అందఱును అనెడి మాటయే యనుకొంటిని. పోయి తట్టితిని. రెండవమాఱు తట్టకముందే తలుపు తెఱచుకొన్నది.

ఆవిడ ప్రశ్నలేమియు వేయలేదు. వీథి చివరనున్న వైద్యునకు ఫోనుచేసినది. అత్తగారిని మా మేడగదినుండి దింపించి, వంటయింటి కావల, బావివైపు తలుపుగల ఒక చిన్న గదిలో పరుండబెట్టించినది. ఆ గదిలో నవారుమంచము, ఉతికిన దుప్పట్లు, మూతపెట్టిన నీళ్ళబిందె, బొగ్గుల కుంపటి, ఒక పళ్ళెరములో శుభ్రమైన పాతగుడ్డలు, అన్నియు సిద్ధముగా నున్నవి. ఎవరో వత్తురని యెదురుచూచుచున్న గదివలె నున్నది. వైద్యుడు వచ్చి నాడి, రక్తపుపోటు చూచి, ఎండదెబ్బవలన ఒంటిలో నీరు తగ్గినదనియు, ఇంకొక గంటలో త్రాగినది నిలువకున్న ఆసుపత్రికి కొనిపోవలెననియు చెప్పెను. ఓ.ఆర్.ఎస్. పొడి ఒక పొట్లమును లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టుమనెను. తెల్లవాఱువఱకు ఆవిడయు నేనును మంచమునకు చెఱియొక ప్రక్కను కూర్చుండి చెంచాతో పట్టితిమి. నాలుగు గంటల వేళ అత్తగారు కన్ను తెఱచి, "అమ్మాయీ, ఇది యెవరి యిల్లు?" అని అడిగిరి. ఆవిడ నాకంటె ముందుగా "మీదేనండి" అన్నది.

మఱునాడు ఆ గదికి వేఱుగా ఎంత యియ్యవలెనని మావారు అడిగిరి. ఆవిడ, "అది అద్దెకిచ్చే గది కాదండి" అన్నది. తరువాత కథ చెప్పినది. ఆమె అత్తగారి అత్తగారి కాలమున ఈ యిల్లు రామేశ్వరము పోవు యాత్రికులకు చిన్న సత్రముగా నుండెనట. అరుగుమీద ఎవరు పరుండినను సరే, లోపలి గది యొకటి మాత్రము ఖాళీగా నుంచవలెనని ఆ పెద్దావిడ కట్టడి. యాత్రికులలో జ్వరము వచ్చినవారికి, నెలలు నిండిన ఆడుదానికి, ఏడ్చుటకు చోటు వలసినవారికి ఆ గది. తరములు మాఱినవి, సత్రము పోయినది, అద్దెలు వచ్చినవి. గది మాత్రము అట్లే యున్నది. పండుగదినములలో గదులకై జనులు ఎగబడి రెట్టింపు అద్దె యిత్తుమన్నను దానిని ఇయ్యలేదట.

మావారు బడిలో చరిత్ర చెప్పుదురు. ఆ కథ విన్నపిదప ఆయన చెప్పిన సంగతులు మీకును చెప్పవలెను. రామేశ్వరపు బాటపొడుగునను తంజావూరు మహారాష్ట్రప్రభువులు సత్రములు కట్టించిరి. వానిలో పెక్కింటి పేళ్ళు స్త్రీల పేళ్ళే. యమునాంబ, ద్రౌపదాంబ, ముక్తాంబ. ఇట్లు రాణివాసపు స్త్రీల పేరిట వెలసినవి. 1801 లో శరభోజిప్రభువు కుంఫిణీవారి రెసిడెంటునకు ఈ సత్రములను గుఱించి ఒక లేఖ వ్రాసెను. సత్రమనగా వట్టి అన్నశాల కాదని అందు వివరించెను. రోగియైన బాటసారికి నయమగువఱకు మందును పథ్యమును ఇచ్చుట, పసిబిడ్డలకు పాలు పోయుట, అచట ప్రసవించిన స్త్రీని తరువాత మూడుమాసములు ఉండనిచ్చుట, తలిదండ్రులు పోయిన బిడ్డలను చేరదీసి చదువు చెప్పించుట, ఇవి యన్నియు సత్రధర్మములుగా అందు గలవు.

ఆ ముక్తాంబ కథ ఇంకను జాలిగొలుపునది. ఆమె శరభోజికి ప్రియురాలు, పట్టపురాణి కాదు. చిన్నవయసుననే కన్నుమూసినది. తన పేర ఒక సత్రము కట్టింపుమని చివరికోరికగా కోరెనని చెప్పుదురు. ఒరత్తనాడునందు, గుఱ్ఱములును ఏనుగులును లాగు రథమువలె శిల్పించిన ఆ సత్రపు కట్టడమును నేటికిని చూపుదురు. రాణియను పేరు దక్కని స్త్రీ నగలు కోరలేదు, సమాధి కోరలేదు; దారినపోవువారు తలదాచుకొను చోటు కోరినది.

ఇది పరాయి దేశపు గొప్ప మాత్రమే యనుకొనకుడు. మధురలో మనుమని పేర పదునైదేండ్లు రాజ్యము నడపిన తెలుగురాణి మంగమ్మ కట్టించినదను సత్రము నేటి రైలుస్టేషనునకు ఎదుటనే ఆమె పేరిట నున్నది. ఇంకను వెనుకకు పోయినచో, మన ఓరుగంటి రుద్రమదేవి కాలమున, 1261 లో, వేయించిన మల్కాపుర శాసనము కలదు. కృష్ణాతీరమున విశ్వేశ్వరశివాచార్యులు నెలకొల్పిన మఠమునకు ఇచ్చిన యూళ్ళ రాబడిలో విద్యకు, అన్నసత్రమునకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు వంతులు ఏర్పఱచిరి. అన్ని కులములవారికిని అన్నమిడవలెనని వ్రాయించిరి. ఏడువందలయేండ్లకు పూర్వము, మన సీమకు ఏలికసానియైన స్త్రీ దినములలో, కాన్పుకష్టమును ధర్మశాసనమున చెక్కిరి!

ఇది విన్నప్పుడు అందఱును సంతసించిరి. నేను మాత్రము తల వంచుకొంటిని. కారణము మావారికిని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ యెదుట చెప్పుచున్నాను.

కడచిన శ్రావణమాసమున ఒక రాత్రి మా ఊర కుంభవృష్టి. వాగు పొంగి బాట తెగినది. మావారు పరీక్షల పనిమీద ఊర లేరు. తొమ్మిదిగంటలవేళ అడవిలోపలి గూడెమునుండి ఒక తల్లి, నిండుచూలాలైన కూతును చేయిపట్టి నడిపించుకొని మా గుమ్మమునకు వచ్చినది. "పంతులమ్మా, బిడ్డకు నొప్పులు మొదలైనయ్. బండి వాగవతల ఆగింది. నీళ్ళు దిగేదాక జర జాగియ్యుండ్రి" అని అడిగినది. నేను అరుగు చూపితిని. చాప వేసితిని, చాయ కాచి యిచ్చితిని, దీపము పెట్టితిని. కాని లోపలి అఱ్ఱ తెఱువలేదు. అందులో సంవత్సరమునకు చాలినంత పప్పు, బియ్యము, ఊరుగాయ జాడీలు, బడి కాగితములు ఉన్నవి. గది పాడగునేమో, ఇచటనే కాన్పగునేమో, ఏమైన మాటవచ్చునేమో యని జంకితిని. జల్లు అరుగుమీదికి కొట్టుచుండ ఆ పిల్ల గోడకు ఆనుకొని, పంటిబిగువున మూలుగుచు తెల్లవార్లు కూర్చున్నది. వేకువ వాగు తగ్గి బండి వచ్చినది. ఆసుపత్రి చేరిన పిమ్మటనే కాన్పయినది; తల్లియు బిడ్డయు క్షేమమని తరువాత వింటిని. పోవునప్పుడు ఆ పెద్దది చాప చుట్టి నా చేతికిచ్చి, "మంచిది పంతులమ్మా" అన్నది. ఆ పిల్ల మాత్రము నావైపు చూడలేదు.

ఊరిలో అందఱును నేను ఆ రాత్రి సహాయము చేసితిననియే చెప్పుకొనిరి. నేనును అట్లే నమ్మబోతిని. పదునైదేండ్లుగా వచ్చినవారికెల్ల వండి పెట్టితినన్న గర్వము ఆ నమ్మకమునకు తోడయినది. తంజావూరునందు, నాకేమియు కాని ఒక స్త్రీ రెండవమాఱు తట్టకమున్నే తలుపు తెఱచి, మా అత్తగారిని సిద్ధపఱచి యుంచిన మంచముమీద పరుండబెట్టినప్పుడు, అరుగునకును అఱ్ఱకును గల దూరము నాకు తెలిసినది. ఆఱడుగులే, కాని ఆ రాత్రి నేను దాటలేకపోయితిని.

మూడవదినమునకు అత్తగారు తేఱుకొనిరి. వైద్యుని యనుమతితో, ఎండవేళ కదలక, మెల్లగా రామేశ్వరము చేరి దర్శనము చేసికొని వచ్చితిమి. ఆవిడవద్ద సెలవు తీసికొనునప్పుడు అత్తగారు తమ పెట్టెలోని కొత్త ఱవికెగుడ్డయు, పసుపుకొమ్ములును ఆమె చేతిలో పెట్టిరి. భర్త పోయిన స్త్రీకి భర్త పోయిన స్త్రీయే పసుపుకొమ్ములు ఇచ్చుట చూచి నేను ఉలికిపడితిని. ఆవిడ కన్నుల కద్దుకొని పుచ్చుకొన్నది. పుచ్చుకొనుట యెట్లో ఆమెకు నాకంటె బాగుగా తెలియును.

మీలో ఎవరైన ఇట్టి పాతయిండ్లలో దిగదలచినచో, నాకు తెలిసిన నాలుగు మాటలు వినుడు. పెద్దవారు వెంటనున్నచో గది క్రింద నున్నదా, మేడమీద నున్నదా యని ముందే అడుగుడు. పాతయిండ్ల మెట్లు నిలువుగా నుండును. గడపలు ఎత్తు, ద్వారబంధములు పొట్టి. రాత్రివేళ లేచువారికి చిన్నదీపము దగ్గఱ నుంచుడు. భోజనము కావలసిన యెడల ముందుపూటనే చెప్పుడు. ఇంటివంట గాన అప్పటికప్పుడు కుదురదు. గుర్తింపుకార్డులు, రోజు వేసికొను మందుల చీటి, నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లములు చేతిసంచిలో నుండవలెను. అన్నిటికంటె ముందుగా, రాత్రివేళ యింట ఎవరుందురు, దగ్గఱి వైద్యుడెవరు అని అడిగి తెలిసికొనుడు. స్తంభముల సొగసు తరువాత చూడవచ్చును. ఒకరి పాతయింట నున్నన్నినాళ్ళు గోడలకు మేకులు కొట్టకుడు, బిగ్గఱగా మాటలాడకుడు, అది అద్దెగది యైనను ఒకరి పుట్టినిల్లో మెట్టినిల్లో అయి యుండును.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని లోపలి అఱ్ఱ ఖాళీచేయుట. అప్పుడే మావారికి ఆ శ్రావణపు రాత్రి సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, బడి కాగితముల పెట్టెను తామే మోసికొనిపోయి పడుకగదిలో పెట్టుకొనిరి. ఊరుగాయ జాడీలు వంటయింటి అటకకు ఎక్కినవి. బియ్యపు బస్తాలు మా మంచముక్రింద చేరినవి. అత్తగారు తమ నవారుమంచమును ఆ గదిలో వేయించిరి. "నాకు చాప చాలును, ఆ రాత్రి నేను పరుండినదియు ఒకరి మంచమే గదా" అనిరి. రెండు ఉతికిన దుప్పట్లు, నీళ్ళబిందె, టార్చి, మెత్తని పాతచీరలు, సబ్బు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు పెట్టితిని. గోడమీద 108 అని పెద్ద అంకెలతో వ్రాసితిని. దానిక్రింద మా ఊరి ఆశా కార్యకర్త ఫోను నంబరు.

గూడెమునకు కబురు పంపవలెనా, వలదా యని రెండు దినములు తటపటాయించితిని. చివరకు నేనే పోయితిని. ఆ పిల్ల బిడ్డ నెత్తుకొని గుమ్మములో నుండెను. బిడ్డ మగవాడు, బొద్దుగా నున్నాడు. గది ఖాళీచేసితినని చెప్పితిని. మన్నింపుమని చెప్పుటకు నోరు రాలేదు. ఆమె తల్లి నన్ను లోపలికి పిలిచి, పీటవేసి, ఇప్పసారా కాదులే పంతులమ్మా అని నవ్వి, గ్లాసుతో మజ్జిగ యిచ్చినది. లేచి గ్లాసు కడుగబోయి ఆగితిని. కూర్చుండియే త్రాగితిని.

వానలు మొదలైనవి. గది యింకను ఖాళీగానే యున్నది. ప్రతిసాయంకాలము బిందెలో నీరు మార్చి మూత పెట్టుచున్నాను. మీ మీ ఊళ్ళలో ఇట్టి గదియో, ఇట్టి అలవాటో, పూర్వము నడచిన సత్రపు కథయో యున్నచో వ్రాసి పంపుడు. ఈ పుటలో తోడి సోదరీమణులకు వినిపింతును. పథ్యముల సంగతి వచ్చుమాసమున తప్పక వ్రాయుదును.